జౌహర్ తేల్చే చెయ్యి

పోయిన నెల గుడిమల్కాపూర్ మార్కెట్‌లో బంతిపూలకు బేరమాడుతూ, అమ్మే ఆవిడ చేతిలోని కత్తిని చూసి బేరం మరచిపోయాను. పూలకాడలు కోసీ కోసీ ఆ పసరంతా పట్టి కత్తి నల్లబడింది. ఉత్త నలుపు కాదు. వెన్ను దగ్గర కాస్త నీలం, దాని కింద ఊదా, అక్కడక్కడా బూడిద రంగు మరకలు. "ఒక్కసారి ఇటియ్యమ్మా" అని తీసుకుని, కొద్దిగా వాల్చి, గడ్డం పైకెత్తి, ఆకాశం వెలుతురు పడేట్టు పట్టుకుని కింది నుంచి చూశాను.

"తుప్పు గాదమ్మా అది. పొద్దుగాలనే తోమిన" అందావిడ నొచ్చుకుంటూ. తుప్పు కాదు, బాగుందని చూస్తున్నానంటే నా వంక అదోలా చూసి కత్తి వెనక్కి లాక్కుంది. డెబ్బై దాటిన ముసలమ్మ నడి బజారులో కత్తి పట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడితే ఎవరైనా లాక్కుంటారు.

ఆ చూడటం నాది కాదు. యాకుత్‌పురాలో మా పక్కింట్లో ఉండిన ఖాలాది. ఏ వస్తువు చేతికొచ్చినా ఆమె అలాగే చూసేది. మా ఇంట్లో చాయ్ ఇస్తే ముందు చెంచా వాల్చి చూసేది, తర్వాతే చక్కెర కలిపేది. స్టీలు పళ్లెం, డబ్బా మూత, ఒకసారి మా బాపు కళ్లద్దాలు కూడా. ఆమె పేరు నాకు తెలియదు. అందరూ పిన్నీ అన్నట్టు ఖాలా అనేవాళ్లు, నేనూ అన్నాను. ఆమె భర్త "సునోజీ" అంటే ఇదిగో విను అని పిలిచేవాడు. ఏడేళ్లు గోడ పక్క గోడగా ఉండి పేరు అడగలేదంటే ఇప్పుడు సిగ్గుగానే ఉంది. అన్నీ అడిగాను ఆమెను, అదొక్కటే అడగలేదు.

డెబ్బైల నడిమి సంగతి. బాపుది రైల్వేలో ఉద్యోగం. నేను ఒక ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్‌లో డిమాన్‌స్ట్రేటర్‌ని. పాతికేళ్లు. గాజు గొట్టాల్లో రంగులు మార్చి చూపిస్తానని కొంచెం పొగరు కూడా ఉండేది.

మా రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. మధ్యాహ్నం పూట ఆ గోడ అవతలి నుంచి ఒక గొంతు వినపడేది. "అమ్మా, పిండిన నిమ్మకాయలు పారెయ్యకుండ్రి. నాకియ్యుండ్రి." పిండేసిన నిమ్మచెక్కలు, పులుసు తీసిన చింతపండు పిప్పి, ఇవీ ఆమె అడిగేవి. ఉప్పో చక్కెరో అడిగితే అర్థముంది. నిమ్మకాయ అనగానే మా అమ్మకు దిష్టి తప్ప మరొకటి తోచదు.

"రోజు రోజు ఎవరికి తీస్తదే దిష్టి?" అనేది నాతో.

"ఇత్తడి గిన్నెలు తోముకుంటదేమో తియ్యి" అనేవాడు బాపు.

"గన్ని గిన్నెలు యాడియి? ఉండేదే ఇద్దరు."

తెలియని సంగతి ఉంటే నాకు అన్నం సయించదు. ఒక ఆదివారం నిమ్మచెక్కలు గిన్నెలో వేసుకుని, గోడ మీదుగా అందించకుండా, వీధిలోంచి తిరిగి వెళ్లి వాళ్ల తలుపు కొట్టాను. ముందు గదిలో చెక్క తఖ్తు మీద ఆమె భర్త కూర్చున్నాడు. తెల్లని లాల్చీ, పక్కన రేడియో. పాత బజారులో ఆయన్ని ఉస్తాద్ అంటారని మాకు తెలుసు. ఎందులో ఉస్తాదో తెలియదు. నా అలికిడికి చెయ్యి ఊపి లోపలికి వెళ్లమన్నాడు.

వెనక వాకిట్లో రేకుల చూరు కింద ఆమె పీట మీద కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయేమో, సన్నటి మనిషి, బుగ్గలో పాన్. ముందర రాతి పలక మీద ఒక కత్తి అలుగు, పిడి లేకుండా. పక్కన మట్టి మూకుడులో ఏదో పచ్చని నీళ్లు, దూది. నేను చూసింది ఆమె గోళ్లు. పదీ నల్లగా ఉన్నాయి.

నేను నోరు తెరిచేలోగా ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఆగు బిడ్డా. అది తాగుతుంది."

ఎవరు తాగుతున్నారో అర్థం కాక చుట్టూ చూశాను. ఆమె పాన్ నములుతూ కత్తినే చూస్తూ కూర్చుంది. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నమలడం అయ్యాక ఊసి వచ్చి, చెంబుతో కత్తి మీద నీళ్లు పోసి, గుడ్డతో ఒత్తి, గడ్డం పైకెత్తి ఆకాశానికి పెట్టి చూసింది.

"ఊఁ. ఇంకొక్క పాన్" అంది.

ఆమె గడియారం అదే. లేత అలుగుకు ఒక పాన్, మొండిదానికి మూడు. మధ్యలో చుట్టాలొచ్చి పాన్ ఇస్తే తీసుకునేది కాదు, లెక్క తప్పుతుందని.

ఆ రోజు నేను ఇంటికి వెళ్లేసరికి అన్నాలు అయిపోయాయి. పాతకాలపు ఉక్కులో కొన్నింటికి లోపల గీతలుంటాయట. నీళ్లు పారినట్టు, అలలు అలలుగా. వాటిని జౌహర్ అంటారు. పైపైన చూస్తే మామూలు ఇనుమే. కురువింద పొడితో అద్దంలాగా నున్నగా చేసి, సున్నం, బూడిద రాసి జిడ్డు తీసి, ఆ తర్వాత పులుపు తాగిస్తే కొంత ఉక్కు నల్లబడుతుంది, కొంత తెల్లగా నిలుస్తుంది. అప్పుడు గీతలు పైకి తేలతాయి. నవాబుల పాత దేవిడీ బంగళాల్లోంచి విరిగిపోయిన కత్తులు, తల్వార్ ముక్కలు బజారుకొస్తే, చార్మినార్ వెనకాల పాత సామాన్ల దుకాణం పెట్టుకున్న ఒక సేటు వాటిని చిన్న కత్తులుగా కోయించి ఈ ఇంటికి పంపేవాడు. నిమ్మచెక్కలు, చింతపిప్పి మొదటి తడికి. అసలు పని కసీస్‌ది. కసీస్ అంటే ఏమిటో అని ఒక పలుకు చేతిలోకి తీసుకుని చూస్తే, మా ల్యాబ్‌లో సీసాలో ఉండే పచ్చని అన్నభేది, ఫెర్రస్ సల్ఫేట్.

అన్నభేది నీళ్లు ఎంత చిక్కగా ఉండాలో ఆమె నాలుకతో తేల్చేది. చిటికెన వేలు ముంచి, నాలుక కొసకు తాకించి, ఉమ్మేసి, "జర నీళ్లు" అనుకుంటూ కలిపేది. మొదటిసారి చూసి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఖాలా, అది కెమికల్. నాలుకకు పెట్టొద్దు."

"కూరల ఉప్పు నీకెట్ల తెలుస్తది?"

"అది కూర. ఇది అన్నభేది."

"నాకు రెండూ ఒకటే బిడ్డా. రెండూ నేను చేసేటియే."

మర్నాడు కాలేజీ నుంచి లిట్మస్ కాగితాలు తెచ్చాను. నీలం ముక్కను మూకుడులో ముంచితే ఎర్రబడింది. గర్వంగా చూపించాను. "ఏమంటున్నది?" అని అడిగింది. పుల్లగా ఉందంటోంది అన్నాను. "నిమ్మకాయ పిండిన నీళ్లు పుల్లగుంటయని చెప్పనీకి కాగితం కావాల్నా?" అని కడుపుబ్బ నవ్వింది. నవ్వడం అయ్యాక మాత్రం ఆ ఎర్ర ముక్క అడిగి తీసుకుని, ఆకాశానికి పెట్టి చాలాసేపు చూసి, దుపట్టా కొంగుకు ముడేసుకుంది. అప్పటి నుంచి నా పేరు సైన్స్ బిడ్డ అయింది.

జౌహర్ లేని మామూలు ఉక్కుకు ఆమె నిప్పుతో రంగులెక్కించేది. పండ్లు కోసే కత్తులు, వక్కలు కత్తిరించే అడకత్తెరలు, ఇలాంటివి. పదును వైపు పచ్చి ఆలుగడ్డలో గుచ్చి, వెన్ను మాత్రం బొగ్గుల సెగకు పెట్టేది. ఆలుగడ్డ ఎందుకంటే, పదునుకు వేడి తగిలితే ఉక్కు మెత్తబడి కత్తి పనికిరాదు. తడి ఉన్నంతసేపూ పదును చల్లగా ఉంటుంది. వెన్ను మీద రంగులు ఒకదాని వెనక ఒకటి నడిచొచ్చేవి. వాటికి ఆమె పెట్టుకున్న పేర్లు గోధుమ, వంకాయ, నెమలి. నెమలి రాగానే గబుక్కున తీసెయ్యాలి. ఒక్క క్షణం ఆగితే మబ్బు కమ్ముతుంది. మబ్బొస్తే మళ్లీ మొదటి నుంచి గీకాల్సిందే.

"రంగు అక్కడ లేదు ఖాలా. వేడికి ఉక్కు మీద సన్నటి పొర వస్తది. దాని మందాన్ని బట్టి వెలుతురు గట్ల కనపడ్తది" అని నా విద్య వెల్లడించాను.

"అంటే నెమలి లేనే లేదా?"

"లేదు. ఊకె కనపడ్తది."

ఆమె తన వేళ్లు నా ముందు చాపింది. "ఊకె కనపడేదానికి నేను చేతులెందుకు కాల్చుకుంటున్న మరి?" అంది.

వెళ్లగా వెళ్లగా నాకు ఇంకో సంగతి తెలిసింది. ఎవరూ చెప్పలేదు, నేనే పట్టుకున్నాను. ఒకరోజు ఉస్తాద్‌కు నమస్తే చెప్పి ఎదురుగా నిలబడితే, ఆయన నా పక్కనున్న స్తంభం వైపు తిరిగి "కూసో అమ్మా" అన్నాడు. ఆయనకు చూపు లేదు. ఎన్నో ఏళ్లుగా మెల్లమెల్లగా పోతూ వచ్చి, వెలుతురూ చీకటీ తప్ప ఏమీ మిగల్లేదు. బజారుకు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. దుకాణంలో ఎప్పుడూ ఒకే కుర్చీలో కూర్చునేవాడు. ఎవరికీ తెలియనివ్వలేదు.

ఒకప్పుడు ఉస్తాద్ నిజంగానే ఉస్తాద్. పెళ్లయిన కొత్తలో ఆమె ఆయన పక్కన కూర్చుని మూకుళ్లు అందించేది. "మొదట్ల ఆయన చెప్పినట్టు చేసిన. ఎనక ఆయనకు కండ్లు పొయినయి, నాకు వచ్చినయి" అని చెప్పింది ఖాలా, పప్పులో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా. బజారులో ఉస్తాద్ చెయ్యి అని మెచ్చుకుంటున్న కత్తులన్నీ పదేళ్లుగా ఈ నల్లగోళ్ల చెయ్యి చేసినవే.

అలుగు పూర్తయ్యాక ఆమె దాన్ని మల్లు గుడ్డతో తుడిచి, తలకు రాసుకునే కొబ్బరినూనె ఒక్క చుక్క పూసి, ఉస్తాద్ అరచేతిలో పెట్టేది.

"ఎట్లున్నది?" అని అడిగేవాడాయన.

"వాన పడి ఎలిసినంక వాకిట్ల ఇసుక మీంచి నీళ్లు పోతయి సూడు, గట్లున్నది. మొన దగ్గర జర చిక్కగ, పిడి కాడ పల్సగ."

ఆయన బొటనవేలితో మెల్లగా రాస్తూ, పెదవులు కదుపుతూ ఆ మాటలు వల్లె వేసుకునేవాడు. మర్నాడు దుకాణంలో అవే మాటలు. నేను ఒకసారి పనిగట్టుకుని ఆ దుకాణానికి వెళ్లి చూశాను కూడా. సేటు లావుపాటి తెలుగు మనిషి, మాటకారి. గిరాకీలతో చెబుతున్నాడు. "ఉస్తాద్ పని చూసుడొక్కటే గాదు సాబ్, ఆయన నోటితోని కత్తి గురించి వినాలె." పక్కన కుర్చీలో ఉస్తాద్ తల వంచుకుని కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది, కొంచెం మంటా పుట్టింది.

ఇంటికొచ్చి ఖాలాతో అంటే ఆమె పట్టించుకోలేదు. "ఆయన లేకుంటే దుకాణంల కూసునేదెవరు, నేనా?" అంది.

నేను వాళ్లింటికి వెళ్లడం మొదలుపెట్టిన మూడో ఏట, చలికాలంలో ఉస్తాద్ పోయాడు. నాలుగు రోజుల జ్వరం, అంతే. ఇల్లంతా చుట్టాలు. ఖాలా ఇద్దత్‌లో కూర్చుంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాళ్ల కంటపడకూడదు. చుట్టాలు వెళ్లిపోయిన వారానికి సేటు మనిషిని పంపాడు. ఉస్తాద్ పోయినందుకు మస్తు బాధైంది, ఇంట్లో మిగిలిన మూడు అలుగులు అట్లనే వాపసియ్యమన్నాడు, దబీర్‌పురాలో ఇంకొకాయనకు ఇస్తాడట.

ఖాలా నన్ను పిలిపించింది. నేను వెళ్లేసరికి మూడు అలుగులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆయన పొయిండు. గిది గూడ పోతే నాకేం మిగుల్తది బిడ్డా? పొద్దుగాల లేస్తే చేతులు ఏం చెయ్యాలె?"

"నిజం చెప్పు ఖాలా. పదేండ్ల సంది అన్నీ నేనే చేసిన అని చెప్పు. సేటు నీ కాళ్లు మొక్కుతడు."

"చెప్తే పని వస్తది" అంది. "మరి ఆయన ఏమైతడు? పదేండ్లు గా కుర్చీల కూసొని ఉస్తాద్ అనిపిచ్చుకున్నడు. రేపు బజారంత అంటది, గుడ్డోడు, పెండ్లాం పని చూపెట్టుకొని బతికిండు అని. మట్టి ఆరకముందే నేను ఆయన పేరు గుంజుకోవాల్నా?"

ఇదీ ఆమె చిక్కు. పని కావాలి, ఆయన పేరు చెడకూడదు. నేను ఎంత వాదించినా ఈ రెండింట్లో ఒకటి వదులుకోమంటే ఒప్పుకోలేదు. చివరికి మూడింట్లో ఒకదానికి జౌహర్ తేల్చి ఇస్తానంది. నేను దాన్ని సేటుకు చూపించాలి. "నువ్వేం చెప్పకు. కత్తి చూపెట్టు. ఏమన్న అడిగితే నన్ను అడగమను."

ఆ అలుగు మీద ఆమె పన్నెండు రోజులు కూర్చుంది. అంత శ్రద్ధగా కూర్చోవడం అంతకు ముందు నేను చూడలేదు. పన్నెండో రోజు సాయంత్రం మల్లు గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి వంటింటి గూట్లో పెట్టి, పొద్దున్నే బజారుకు వెళ్లాలని పడుకున్నాను.

పొద్దున లేచేసరికి అమ్మ గిన్నెలు తోమడం ముగించి, నా కోసం ఎదురుచూస్తోంది. మొహంలో ఏదో మంచి పని చేసిన సంతోషం.

"పాపం ఆమె ఏడుపుల ఉన్నది. తుప్పు తోముకునే సత్తువ యాడిది? గట్ల నల్లగున్నది తీస్కపోతే సేటు ఏమనుకుంటడు? అందుకే నేనే తోమిన. ఇటుక పొడి, చింతపండు, బూడిద, మూడుసార్లు. సూడు ఎట్ల మెరుస్తుందో."

మెరుస్తోంది. ఒక్క గీత లేదు. కొత్త స్టీలు గరిటెలాగా తెల్లగా మెరుస్తోంది. మా ఇళ్లలో ఏ ఆడమనిషైనా అదే చేస్తుంది. నల్లబడ్డది కనపడితే చెయ్యి ఆగదు. నేను చెప్పి పడుకోవాల్సింది, చెప్పలేదు. సంగతి తెలిశాక అమ్మ మొహం చూడలేకపోయాను.

ఇద్దరం కలిసే వెళ్లాం. అమ్మ గడప దగ్గరే నిలబడి, "నా చెయ్యి ఇరగ. తుప్పనుకున్న చెల్లె, తుప్పనుకున్న" అని ఏడ్చేసింది. ఖాలా అలుగు తీసుకుంది. ఆమె ఎప్పటిలాగే గడ్డం పైకెత్తి, ఆకాశానికి పెట్టి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది.

"నీ చేతుల మస్తు బలమున్నది అక్కా" అంది. "సాన పట్టేటోడు గూడ గింత తెల్లగ తియ్యడు."

అని నవ్వింది. ఉస్తాద్ పోయాక అదే మొదటి నవ్వు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "జౌహర్ పైన ఉండదు, లోపట ఉంటది. పైనున్నది తోమితే పోతది. లోపటిది ఎవరు తోమిన పోదు. ఏడవకు." తర్వాత ఏదో తోచినట్టు నా వైపు తిరిగింది. "సేటునే ఇటు తోల్కరా. తెల్లగున్నప్పుడే చూడమను. తేలేటప్పుడు గూడ చూడమను."

సేటు వచ్చాడు. ఉస్తాద్ మీద గౌరవంతో వచ్చానని రెండుసార్లు చెప్పాడు. ముందు గదికీ లోపలికీ మధ్య దుప్పటి పరదా కట్టాం. సేటు తఖ్తు మీద, నేను పరదా పక్కన నేల మీద, ఖాలా పరదా వెనక. తెల్లటి అలుగును నేను సేటు చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూసి, "గిది ఉత్త ఇనుము లెక్కనే ఉన్నది కద" అన్నాడు. ఖాలా దీనికి జౌహర్ తేల్చి చూపిస్తుందని చెప్పి లోపలికి పంపబోతే ఆపాడు. "అట్ల కాదు భాబీ. ఏమనుకోకుండ్రి. నా ముంగట చెయ్యాలె. లోపట ఎవరు చేస్తుండ్రో నాకెట్ల తెలుస్తది?"

పరదా కింది నుంచి రాతి పలక ముందుకు జరిగింది. దాని వెనక రెండు చేతులు, మణికట్టు దాకా. ఆ చేతులు సున్నం, బూడిద రాశాయి, కడిగాయి. తర్వాత దూదితో అన్నభేది నీళ్లు పిడి వైపు నుంచి మొన దాకా ఒక్క ఊపులో పూశాయి. ఆగాయి. సేటు కుదురుగా ఉండలేక ఏదో మొదలుపెట్టాడు. "ఆగు సేటూ, అది తాగుతుంది" అన్నాను నేను, నాకు తెలియకుండానే.

మొదట ఏమీ లేదు. తర్వాత అలుగు మీద ఊపిరి వదిలినట్టు మసక పట్టింది. చేతులు కడిగాయి, మళ్లీ పూశాయి. నాలుగోసారో అయిదోసారో కడిగినప్పుడు ఆ మసక విడిపోయి, నలుపు ఒకవైపు, తెలుపు ఒకవైపు జరిగాయి. నడుమ నుంచి సన్నగా, వంకరలు పోతూ నీళ్లు నడిచాయి. ఎన్నిసార్లు చూసినా అక్కడ నాకు ఒళ్లు జలదరించేది. సేటు లేచి అలుగు తీసుకుని, గుమ్మం బయట ఎండలో నిలబడి చాలాసేపు చూశాడు.

తిరిగొచ్చి కూర్చున్నాడు. ఆమె చేతులు ఇంకా పలక మీదే ఉన్నాయి, గోళ్లు పదీ నల్లగా. ఉస్తాద్ గోళ్లు ఎంత తెల్లగా ఉండేవో సేటు రోజూ చూసినవాడే. ఇప్పుడైనా గమనిస్తాడని ఆశపడ్డాను. ఆయన చూపు కత్తి మీంచి కదల్లేదు.

"ఎప్పటి సంది చేస్తుండ్రు భాబీ?"

నేను చెప్పేద్దామని నోరు తెరిచాను. పరదా కింది నుంచి వచ్చిన వేళ్లు నా పాదాన్ని గట్టిగా గిల్లాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోయినేడు సంది" అంది ఖాలా. "పాణం మంచిగ లేదని ఆయనే కూసోబెట్టి నేర్పిచ్చిండు. అంత ఆయన చెప్పిందే."

సేటు తల పంకించాడు. "గదే అనుకున్న. ఉస్తాద్ చెయ్యి కనపడ్తుంది దీంట్ల." అని సంచిలోంచి గుడ్డలో చుట్టిన ఇంకో కత్తి తీశాడు. వెండి పిడి వేయించాడు దానికి. "భాబీ, ఏమనుకోకుండ్రి. మీ పని మంచిగున్నది. కని గిది చూడుండ్రి. రెండేండ్ల కింద ఉస్తాద్ చేసింది. అమ్మనీకి గాదు, ఎందరడిగిన ఇయ్యలే. గిరాకీ లేనప్పుడు తీసి చూసుకుంట. ముప్పై ఏండ్ల సంది గీ దందల ఉన్న, ఎన్నో చేతులు చూసిన, గిసుమంటి చెయ్యి చూడలే. నీళ్లు పారుతున్నట్టే ఉంటది. ఏలు పెడితే తడి తగుల్తదా అనిపిస్తది. మీరు గిక్కడికి రావాలంటే ఇంక శాన ఏండ్లు పడ్తది."

ఆ కత్తి నాకు తెలుసు. రెండేళ్ల కింద ఒక వానాకాలం, ఈ వాకిట్లోనే, రేకుల చూరు కింద ఆమె చేస్తుంటే నేను పక్కనే గొడుగు పట్టుకుని కూర్చున్నాను. అప్పటికే ఉస్తాద్‌కు దీపం వెలుగు తప్ప ఇంకేమీ తెలిసేది కాదు.

ఖాలా చెయ్యి చాచింది. కత్తి పరదా లోపలికి వెళ్లింది. చాలాసేపు ఉంది. తర్వాత గుడ్డలో శుభ్రంగా చుట్టుకుని బయటికొచ్చింది.

"హౌ సేటూ. ఆయనది ఆయనదే" అంది. "నేను నేర్చుకుంట."

"నేర్చుకుంటరు భాబీ, నేర్చుకుంటరు" అన్నాడు సేటు పెద్దమనసుతో. మిగిలిన రెండూ ఆమె దగ్గరే ఉంచుకోమన్నాడు. వచ్చే వారం ఇంకో నాలుగు పంపుతానని, దబీర్‌పురా ఆయనకు వద్దని చెబుతానని చెప్పి వెళ్లిపోయాడు.

తలుపు పడగానే పరదా లాగి పారేశాను. "నీ చెయ్యిని తెచ్చి నీకే చూపెట్టి, గిక్కడికి రాలేవన్నడు! నువ్వేమో నేర్చుకుంట అన్నవ్! నీకు కోపం రాదా?" ఇంకా చాలా అన్నాను. వీధిలోకి వినపడే ఉంటుంది.

ఆమె మొహం చూసి ఆగిపోయాను. ఆమె నా మాటలు వినడం లేదు. ఎర్రబడిన మొహంతో, సిగ్గుపడుతున్న పెళ్లికూతురిలాగా, తన మోకాళ్ల వైపు చూసుకుంటూ నవ్వుతోంది.

"పదేండ్ల సంది చేస్తున్న బిడ్డా. ఆయన అరచేతుల పెడితే ఏలుతోని రాసి మంచిగున్నది అంటుండె. ఆయనకు కనపడకపాయె. దుకాణంల ఎవరేమంటరో నేను పోయి వినకపోతి." నా చెయ్యి పట్టుకుంది. "ఇయ్యాలనే నా చెవులార విన్న. సేటు ఏమన్నడు? మళ్లొకసారి చెప్పు."

నాకు కోపం తగ్గలేదు. అయినా చెప్పాను. ముప్పై ఏళ్లుగా దందాలో ఉన్నాడని, ఎన్నో చేతులు చూశాడని, ఇలాంటి చెయ్యి చూడలేదని, అమ్మడానికి కాదని, నీళ్లు పారుతున్నట్టే ఉందని. ఆమె ఒక్కో మాటకూ తల ఊపుతూ విన్నది. చివరి మాట దగ్గర తల ఊపడం ఆపేసి నా వంక చూసింది.

"తడి తగుల్తదా అనిపిస్తది అన్నడు కద" అంది. "అది ఇడిసిపెట్టినవ్."